స్ప్రింగులు మెత్తబడ్డాక

ఆ కారు నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే, ఎండలో తిరిగే కుక్క కూడా దాని కింద దూరలేక వేరే నీడ వెతుక్కునేది. యజమాని ఒకప్పుడు మోజుపడి, కంపెనీ బిగించి ఇచ్చిన షాకబ్జర్లు పీకించి, రేసుకార్లకు వేసే ఎర్ర స్ప్రింగుల సామాను తెప్పించి వేయించాడు. మోజు తీరాక తను ఇంకో కారు కొనుక్కున్నాడు. ఇది అక్కగారి రాకపోకలకు మిగిలింది. అక్కగారంటే యజమానికి స్వయానా పెద్దక్క. అరవై దగ్గరపడుతున్న ఆ మనిషి రోజూ ఇంటి నుంచి తమ్ముడి టైల్స్ షాపుకీ, షాపు నుంచి ఇంటికీ ఆ రేసు స్ప్రింగుల మీద ఊరేగుతూ ఉండేది. రోడ్డు మీద అగ్గిపెట్టె పడి ఉన్నా, దాన్ని ఎక్కి దిగిన సంగతి ఆవిడ నడుముకు తెలిసిపోయేది.

తెలిసి ఊరుకుంటే గొడవే లేదు. తెలిసిన ప్రతిసారీ తప్పు డ్రైవరుదయ్యేది.

"అబ్బా!" అంది ఆవిడ ఆ ఉదయం కూడా.

డ్రైవరు అద్దంలోకి చూశాడు. "చూసే పోనిచ్చానండీ. అది స్పీడుబ్రేకరు కాదు, పైపు కోసం తవ్వి పూడ్చిన అతుకు."

"అతుకైతేనేం నాయనా, నా వెన్నుపూసలన్నిటినీ పేరుపేరునా పలకరించి పోయింది."

ఆవిడ కసిరినట్టు అనదు. అందుకే అతనికి మరీ సిగ్గుగా ఉంటుంది. తిట్టే మనిషైతే మనసులో తిరిగి తిట్టుకుని తేలికపడవచ్చు. స్కూలు ముందున్న స్పీడుబ్రేకర్లను నెత్తిన కోడిగుడ్ల బుట్ట ఉన్నవాడిలా దాటించాడు. అయినా నీళ్ళ ట్యాంకు మలుపు వస్తుండగానే వెనక నుంచి రోజూ వచ్చే మాట వచ్చింది.

"కాస్త ఆపు. నడుం పట్టేసింది."

మలుపులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే చిన్న కొట్టు ఉంది. గుమ్మానికి పువ్వుల కర్టెన్. లోపల కొలతలిస్తూ ఉంటారు గనక మగవాళ్ళకు ఆ గడప అవతల పనిలేదు. కుట్టే మనిషి మంచిదనీ, కాసేపు నడుం వాల్చుకోవడానికి కుర్చీ ఇస్తుందనీ అక్కగారే ఎప్పుడో చెప్పింది. ఆవిడ బ్యాగు చంకన పెట్టుకుని కర్టెన్ తొలగించుకుని లోపలికి వెళ్ళిపోయింది. డ్రైవరు బయట నిలబడి అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడవడంలో అతన్ని మించినవాడు లేడు.

జేబులో ఫోను మోగింది. ఈ కారు ఎక్కడ తిరుగుతోందో, ఎక్కడ ఆగిందో యజమాని ఫోనులో ఒక నీలం చుక్క చూపిస్తుంది. చుక్క కాసేపు కదలకపోతే ఆయనకు కుదురుండదు.

"ఎందుకాగింది?" హలో అనే అలవాటు ఆయనకు లేదు.

"అక్కగారికి నడుం పట్టేసింది సార్. కాసేపు కూర్చుంటానన్నారు."

"మళ్ళీనా? నువ్వు నడుపుతోంది కారా, రోడ్డు రోలరా?"

డ్రైవరు ఏం అన్నా అది ఎదురు మాటే అవుతుంది. ఫోను ఆగిపోయాక దాన్ని కూడా చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటి ముందు కారు ఆగేసరికి యజమాని వసారాలో నిలబడి ఉన్నాడు. అక్కగారు దిగి, మెట్టు మీద కూర్చుని చెప్పుల పట్టీలు విప్పుకుంటోంది.

"ఏమయ్యా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రోజూ దారిలో ఆమెను దించి ఎవరి కొట్లోనో కూర్చోబెడుతున్నావు. మన మనిషి రోడ్డు పక్క అలా కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"సార్, ఆ షాకబ్జర్లు కొంచెం మెత్తన చేయిస్తే..."

"వాటి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. అవి ఎక్కడి సామానో తెలుసా నీకు? రేసుల్లో వాడేవి. తప్పు వాటిలో లేదు, నీ కాలులో ఉంది. బ్రేకు తొక్కడం రాదు, వదలడం రాదు." ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే ఆయన మాటకు బరువెక్కువ. "ఇదే ఆఖరుసారి. ఇంకోసారి ఆమె దారిలో దిగాల్సి వస్తే, మర్నాడు తాళాలిచ్చేసి గది ఖాళీ చేసెయ్. నడపడం వచ్చినవాణ్ణి చూసుకుంటాను."

అక్కగారు తల ఎత్తలేదు. రెండో చెప్పు పట్టీ ఎక్కడో బిగుసుకున్నట్టుంది, దానితోనే చాలాసేపు అవస్థ పడింది.

గది అంటే కార్ల షెడ్డు మీద వేసిన ఒంటిగది. అందులో డ్రైవరు, అతని భార్య, బడికెళ్ళే కూతురు ఉంటారు. పిల్ల గెంతితే కింద కార్ల మీద సున్నం రాలుతుందని దాన్ని గెంతవద్దన్నారు. అది ఇప్పుడు ఏడిచినా అడుగులు చప్పుడు కాకుండా ఏడుస్తుంది. ఆ సాయంత్రం అతను చెప్పిందంతా విని, భార్య గిన్నె తోముతున్నదల్లా ఆగింది.

"గది పోతే పిల్ల బడి?"

"అదే ఆలోచిస్తున్నాను."

"కారు మా అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళు."

"చెయ్యి వెయ్యొద్దన్నాడుగా!"

"నువ్వు వెయ్యకు. మా అన్నయ్య వేస్తాడు" అని ఆవిడ గిన్నె బోర్లించింది.

*

బావ మెకానిక్కు షెడ్డు, కార్లు కడిగే చోటుకు సరిగ్గా వెనక గోడ అవతల. కడగడానికి వెళ్ళిన కారు గోడ చుట్టూ తిరిగి ఇటు వచ్చినా నీలం చుక్కకు ఆ తేడా తెలియదు. బావ పొట్ట ముందు, మనిషి వెనక నడిచే రకం. కారు కిందికి దూరడం మానేసి, కారునే జాకీల మీద తన దాకా రప్పించుకుంటాడు.

"రా బావా, రా! చెల్లెలు ఫోను చేసింది. నీ కాలు బాగోలేదటగా, తీసి కొత్తది వెయ్యమంటావా?"

"నీ వేళాకోళం తరవాత. ముందు దీన్ని చూడు. స్పీడుబ్రేకరు ఎక్కితే..."

"నువ్వు చెప్పకు." బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "నడిపేవాడి మాట నేను వినను. వాడి చేతిలో స్టీరింగు ఉంటుంది, గుంట వచ్చేది ముందే తెలుస్తుంది, ఒళ్ళు బిగబట్టుకుంటాడు. వెనక కూర్చున్నవాళ్ళకి ఆ సుఖం లేదు. ఆవిడ ఏ పక్క కూర్చుంటుంది?"

"ఎడమ పక్క."

"అయితే పోయి అక్కడ కూర్చో."

ఇన్నాళ్ళుగా ఆ కారు నడుపుతున్నా, డ్రైవరు ఏనాడూ ఆ సీట్లో కూర్చోలేదు. దుమ్ము దులపడానికి మోకాలు ఆనించి ఉంటాడు, అంతే. ఇప్పుడు కూర్చుంటే ముందు సీటు వీపు తప్ప ఏమీ కనిపించలేదు. బావ స్టీరింగు పట్టుకుని షెడ్డు వెనక రాళ్ళు తేలిన సందులోకి పోనిచ్చాడు. మొదటి గుంటకే డ్రైవరు తల కారు కప్పుకు కొట్టుకుంది. రెండోదానికి పళ్ళ మధ్య నాలుక పడింది. ఎప్పుడు ఏం వస్తుందో తెలియక తలుపు పైన పిడి పట్టుకున్నాడు. ఆ పిడి మీది నలుపు చాలా చోట్ల అరిగి తెల్లబడి ఉంది. ఆ అరుగుదల ఆవిడ చేతిదేనని తట్టేసరికి అతనికి మనసంతా అదోలా అయిపోయింది.

"ఏం బావా, నడుం ఉందా?" అన్నాడు బావ, అద్దంలో నవ్వుతూ.

"పాపం బావా, ఆవిడ" అన్నాడు డ్రైవరు.

షెడ్డుకి వచ్చాక బావ ఎడమ సీటు మీద ఇసుక మూట పెట్టించాడు. ఆవిడ లావా సన్నమా అని అడిగి, మూటలోంచి కొంత ఇసుక తీయించాడు. ఇదీ అతని పద్ధతి. ఖాళీ కారుకు ఎవడూ సర్దడట, మనిషి కూర్చునే చోట బరువు పెట్టి ఆ మనిషికే సర్దుతాడట. చక్రం ఊడదీసి, కొక్కెం లాంటి స్పానరు అందుకుని, ఎర్ర స్ప్రింగు కింది గుండ్రటి రింగును కొంచెం కొంచెంగా పైకి తిప్పాడు.

"మీ సారు దీన్ని ఎంత కిందికి దింపించాడో చూడు. షాకబ్జరు దిగడానికి చోటే లేదు. దిగీ దిగగానే పోయి అడుగున రబ్బరుకి గుద్దుకుంటోంది. స్ప్రింగు ఉండి ఏం లాభం, ఊరికే సొగసుకి. ఒక వేలెడు లేపుతున్నాను. మీ సారు వంగి చూసే మనిషి కాదుగా?"

"ఆయన వంగడం నేనెప్పుడూ చూడలేదు."

నాలుగు చక్రాల దగ్గరా రింగులు తిప్పడం అయ్యాక బావ డిక్కీ తెరిచాడు. మూలన కార్పెట్ ఎత్తి, లోపల షాకబ్జరు తల మీదున్న చిన్న నాబ్ చూపించాడు. ముందువాటి నాబ్‌లు బానెట్ కింద ఉన్నాయి. "ఇదుగో, అసలు గుట్టంతా ఇక్కడ. ఇటు తిప్పితే గట్టి, అటు తిప్పితే మెత్తన. స్పానరు కూడా అక్కర్లేదు. చెవి పెట్టు." తిప్పినప్పుడల్లా అది గడియారం ముల్లులా టిక్కుమంటోంది. అన్నీ గట్టి వైపు ఆఖరి టిక్కు దాకా బిగించి ఉన్నాయి. బావ వాటిని పూర్తిగా మెత్తన వైపు తిప్పి, మళ్ళీ ఆలోచించి కొంచెం వెనక్కి తెచ్చాడు. "మరీ వదిలేస్తే పడవలా ఊగుతుంది. ఆవిడకి నడుం నొప్పి పోయి వాంతులు పట్టుకుంటాయి."

టైర్లలో గాలి కూడా కొంత తీశాడు. చేతులు తుడుచుకుంటూ, "ఇంతకీ ఆవిడ కారు ఎలా దిగుతుంది?" అన్నాడు.

"ఎలా దిగడమేమిటి?"

"నడుం నొప్పి ఉన్నవాళ్ళు తలుపు పట్టుకుని, ముందు ఒక కాలు బయటపెట్టి, ఒక నిమిషం ఆలోచించుకుని దిగుతారు. ఈవిడ?"

డ్రైవరు గుర్తు చేసుకున్నాడు. "గబుక్కునే దిగుతుంది. బ్యాగు తీసుకుని చకచకా వెళ్ళిపోతుంది."

"అయితే ముదిరిన నొప్పి కాదులే. ఈ దెబ్బతో పోతుంది" అన్నాడు బావ ధీమాగా.

*

పోయింది. మర్నాడు పైపు అతుకు మీదుగా కారు వెళ్ళినప్పుడు చప్పుడు వినిపించింది గానీ కుదుపు రాలేదు. స్కూలు ముందు స్పీడుబ్రేకర్లు దిండ్లలా వచ్చి పోయాయి. వెనక నుంచి 'అబ్బా' లేదు. డ్రైవరుకు ఈల వెయ్యాలనిపించింది. నీళ్ళ ట్యాంకు మలుపు దగ్గర అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోయింది.

అద్దంలో చూశాడు. అక్కగారు కిటికీలోంచి కొట్టు వైపు చూస్తోంది. నోరు కొంచెం తెరిచి, మళ్ళీ మూసుకుంది.

"కారుకేం చేశావు నాయనా?"

"సార్‌కి చెప్పకండి అక్కగారూ. మా బావ చేత మెత్తన చేయించాను." ఆపుకోలేక అంతా చెప్పేశాడు, ఇసుక మూటతో సహా. "ఇక మీకు దారిలో దిగే ఖర్మ లేదు."

కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ మెడ తిప్పి, వెనక అద్దంలోంచి అది కనుమరుగయ్యేదాకా చూసింది.

"మంచి పని చేశావు" అంది. "నీ గదికి ఇక భయం లేదు."

మెచ్చుకోలు అంత చప్పగా ఉంటుందని అతననుకోలేదు. పెద్దవాళ్ళు, ఎలా అంటే ఏం, అని సరిపెట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు యజమాని తన కారు సర్వీసింగుకిచ్చి ఇందులో ఎక్కాడు. అక్క పక్కన కూర్చుని, దారంతా ఫోను చూసుకుంటూ, షాపు దగ్గర దిగబోతూ ఆగాడు.

"చూశావా?" అన్నాడు డ్రైవరు భుజం మీద తట్టి. "ఇన్నాళ్ళూ తప్పెవరిదో ఇప్పుడు తెలిసిందా? గట్టిగా చెబితే గానీ కాలు నీ మాట వినలేదు."

నాబ్‌ల సంగతి చెబితే చెయ్యి వేసిన తప్పు, చెప్పకపోతే ఇన్నాళ్ళూ చేతకానివాడినని ఒప్పుకున్న తప్పు. "అవున్సార్" అన్నాడు డ్రైవరు.

"అక్కా, నీకింక నడుం గొడవ లేదుగా. మధ్యాహ్నం ఇంటికి పోవడం ఎందుకు, సాయంత్రం షాపు మూసేదాకా ఉండు. ఇంటి మనిషి ఒకరు కళ్ళెదుట ఉంటే పనివాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు."

"సరే" అంది అక్కగారు.

షాపులో ఆవిడకు అద్దాల గది ఉంది. చల్లగా ఉంటుంది. అందులో కుర్చీ ఉంది, బల్ల ఉంది, బల్ల మీద ఏమీ లేదు. బయట నమూనా టైల్స్ వరసల మధ్య తిరిగేవాళ్ళకు ఆవిడ కనిపిస్తుంది, ఆవిడకు వాళ్ళు కనిపిస్తారు. ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. డ్రైవరు బయట స్టూలు మీద కూర్చుని ఎప్పుడు తలెత్తి చూసినా ఆవిడ చేతిరుమాలుతో ఏదో చేస్తూ ఉండేది. అంచును సన్నగా మడిచి, గోరుతో నొక్కుకుంటూ కొస దాకా వెళ్ళి, విప్పేసి, మళ్ళీ మొదలుపెట్టేది. ఒకరోజు తిరుగు ప్రయాణంలో, గుంటే లేని చోట, "అబ్..." అని ఆగిపోయింది. అతను గాభరాగా అద్దంలో చూస్తే, "ఏం లేదులే, దోమ" అంది. కారు అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

ఆ తరవాత ఆవిడ కారులో మాట్లాడటమే తగ్గించింది. కారు ఎంత మెత్తగా పోతే లోపల అంత నిశ్శబ్దం. కుదుపులున్న రోజుల్లోనే ఇద్దరి మధ్యా నాలుగు మాటలుండేవి.

*

ఒకరోజు ఆవిడను షాపులో దించి, ఇంటికి సామాను తీసుకెళ్తుంటే, నీళ్ళ ట్యాంకు మలుపులో కుట్టుకొట్టు ఆవిడ రోడ్డుకు అడ్డంగా వచ్చి రెండు చేతులూ ఊపింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"అన్నా, అక్కకి ఒంట్లో బాగోలేదా? బొత్తిగా రావడం మానేసింది!"

"బాగానే ఉందమ్మా. నడుం నొప్పి పోయింది. ఇప్పుడు కూర్చోనక్కర్లేదు."

"నడుం నొప్పా?" ఆవిడ నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. "ఎవరూ లేరులే, ఒకసారి లోపలికి రా."

కర్టెన్ అవతల రెండు కుట్టుమిషన్లున్నాయి. ఒకటి కొత్తది, కరెంటుతో తిరిగేది. గోడవారగా ఉన్నది పాతది, కాలితో తొక్కేది. దాని నల్లరంగు మీది బంగారు గీతలు సగం చెరిగిపోయాయి. మీద ఒక కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది. సూది కింద చిన్నపిల్ల గౌను, ఒక చెయ్యి కుట్టి, ఇంకో చెయ్యి గుండుసూదులతో వేలాడుతోంది.

"ఈ మిషను ఎవరిదనుకున్నావు? అక్కదే. ఇంట్లో చప్పుడవుతోందని, ఊరివాళ్ళ బట్టలు కుట్టడం ఇంటికి నామర్దా అని తమ్ముడు తీయించేశాడట. పాత సామాను బండి మీద వెళ్తుంటే నేను దింపించుకున్నాను. తరవాత దీన్ని వెతుక్కుంటూ ఆవిడే వచ్చింది. వచ్చి ఈ తొక్కుడు బల్ల మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. రోజూ కాసేపు కుట్టుకుపొమ్మన్నాను. వంగి కూర్చుని అంతసేపు కుట్టేది, ఒక్కనాడూ నడుం అన్న మాట లేదు." ఆవిడ గౌను అంచు సర్దింది. "దీన్ని పూర్తి చెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదన్నా. వస్తుందేమోనని ఉంచాను."

డ్రైవరు కళ్ళజోడు వైపు చూశాడు. ముందు అతనికి వచ్చింది జాలి కాదు, కోపం. ఎన్ని తిట్లు! రోడ్డు రోలరు, చేతకాని కాలు, గది ఖాళీ చెయ్. ఈవిడ చాటుగా మిషను తొక్కుకుంటుంటే బయట అద్దాలు తుడుస్తూ తిట్లు తిన్నది తను. కారు ఎక్కి, అవసరం లేకుండా తలుపు ధడేలున వేశాడు. మెత్తటి కారు ఆ దెబ్బకు కొంచెం ఊగి ఊరుకుంది.

సాయంత్రం భార్యతో అదే కోపంతో చెప్పాడు. "నొప్పి లేదట! మన బతుకులతో ఆడుకుంది."

భార్య పిల్లకు జడ వేస్తోంది. జడ కొస ముడి వేసింది. "ఆయన గది ఖాళీ చెయ్యమన్నప్పుడు ఆవిడ అక్కడే ఉందన్నావు కదా?"

"ఉంది. చెప్పులు విప్పుకుంటోంది."

"ఆ తరవాత ఒక్కసారైనా ఆపమని అడిగిందా?"

డ్రైవరుకు ఆ దోమ గుర్తొచ్చింది. 'నీ గదికి ఇక భయం లేదు' అన్న చప్పటి గొంతు గుర్తొచ్చింది. ఆవిడ నొప్పి పోగొట్టాననుకుని, ఆవిడకు దొరికే ఆ కాస్త సేపునూ తనే నాబ్ తిప్పి ఊడబెరికాడు. ఆవిడ ఆ సంగతి ఒక్క మాట అనకుండా, ఈ ఒంటిగది కోసం అద్దాల గదిలో రుమాలు మడుస్తూ కూర్చుంది.

"రేపు నేనే ఆపుతాను" అన్నాడు.

"ఆపితే ఆయన ఫోను చేస్తాడు. ఏం చెబుతావు? నడుం అంటావా? ఆయన ఎక్కి చూసిన కారేగా. అక్కే అబద్ధమాడుతోందంటాడు."

అతను కిటికీలోంచి కిందికి చూశాడు. షెడ్డులోంచి బయటికి ఉన్న కారు డిక్కీ సగం వెలుతురులో ఉంది. కారు మెత్తగా ఉండి ఆగితే అక్కగారు దొంగవుతుంది. గట్టిగా ఉండి ఆగితే డ్రైవరు చేతకానివాడవుతాడు. చేతకానివాడన్న పేరు ఎలాగూ ఉన్నదే.

"నాకు భయంగానే ఉంది" అంది భార్య, అతని మనసులోది చదివినట్టు. "చెయ్యమని మాత్రం నా చేత అనిపించకు." వద్దు అని కూడా అనలేదు.

*

పొద్దున్నే కారు తుడిచే నెపంతో డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, నాబ్‌లు గట్టి వైపు తిప్పాడు. టిక్కు టిక్కుమంటూ ఆఖరుకు వచ్చి ఆగాయి. బానెట్ ఎత్తి ముందువీ తిప్పాడు. సారు వద్దన్న చోట చెయ్యి పడటం ఇది రెండోసారి.

పైపు అతుకు మీద కారు ఎగిరిపడింది. బావ లేపిన వేలెడు ఎత్తు వల్ల మునుపటంత కాకపోయినా, కుదుపు కుదుపే. అక్కగారు తలుపు పైన పిడి పట్టుకుంది. స్పీడుబ్రేకర్ల మీద అతను కావాలనే కాలు తీయలేదు. జన్మలో మొదటిసారి ఒక గుంటను వెతికి మరీ చక్రం దింపాడు.

"ఏమైంది కారుకి?" అంది ఆవిడ.

"మళ్ళీ గట్టిపడిందండీ."

"వాటంతట అవే గట్టిపడతాయా?"

"ఒక్కోసారి పడతాయి." అతను అద్దంలోకి చూడలేదు. "మీకు నడుం పట్టేసి ఉంటుంది. మలుపులో ఆపుతాను."

"వద్దు. పోనివ్వు."

"పట్టేసింది అక్కగారూ. నాకు తెలుసు." గొంతు సర్దుకున్నాడు. "గౌనుకి ఇంకో చెయ్యి కుట్టాలిగా."

కారు మలుపులో ఆగింది. అతను దిగి తలుపు తెరిచాడు. అక్కగారు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకు పిల్ల ఉంది నాయనా."

"ఉందండీ. అది గెంతి చాలా రోజులైంది" అన్నాడు. ఎందుకన్నాడో అతనికీ తెలియదు.

ఆవిడ ఈసారి గబుక్కున దిగలేదు. తలుపు పట్టుకుని, ముందు ఒక కాలు బయటపెట్టి, ఒక నిమిషం ఆగి దిగింది. అతను అలవాటు కొద్దీ గుడ్డ తీసి అద్దం తుడవబోతే, "ఎండలో ఎందుకు, లోపలికి రా" అంది.

కుట్టుకొట్టు ఆవిడ మిషను ముందు స్టూలు లాగింది. అక్కగారు కళ్ళజోడు తీసి పెట్టుకుని, తొక్కుడు బల్ల మీద పాదాలు ఆనించింది. మిషను మొదట కొంచెం మొరాయించి, తరవాత అందుకుంది. గౌను చెయ్యి సూది కిందికి దానంతటదే నడిచి వెళ్తున్నట్టు వెళ్ళింది. ఒక్కో గుండుసూదినీ తీసి ఆవిడ పెదవుల మధ్య పెట్టుకుంటోంది. టైల్స్ షాపు అద్దాల వెనక చూసిన మనిషీ, ఈవిడా ఒకరేనంటే డ్రైవరుకు నమ్మకం కలగలేదు. చెయ్యి కుట్టడం అయ్యాక ఆవిడ చేతిసూది, తెల్లదారం అతనికందించింది.

"కాజాలు కుట్టాలి. కళ్ళజోడున్నా ఈ బెజ్జం కనపడి చావదు. ఎక్కించి ఇవ్వు."

అతను దారం కొస తడిపి సూది ఎత్తిపట్టాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. అందరికీ అదెవరో తెలుసు. అతను ఒక చేత్తో సూదీ దారం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీశాడు. చెప్పవలసింది తయారుగానే ఉంది. నాదే తప్పు సార్, గుంట చూసుకోలేదు సార్.

"ఎందుకాగింది?"

"సార్, అక్కగారికి నడుం..."

"ఇటివ్వు" అంది అక్కగారు.

పెదవుల మధ్య గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసేదాకా ఆవిడ ఫోను చెవికి పెట్టుకోలేదు.

"నేనేరా. నా నడుముకేం కాలేదు. ఆ అబ్బాయిదీ తప్పు కాదు, రోడ్డుదీ కాదు. నేనే ఆపమన్నాను. కుట్టుకుంటున్నాను." కాసేపు విన్నది. "ఎవరి మిషనేమిటి, నాదే. నువ్వు తీయించేసినదే. బాగా నడుస్తోంది." మళ్ళీ విన్నది. అవతల గొంతు కొట్టులో అందరికీ వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. "ఎవరేమనుకుంటే నాకేం? నీకు గది ఖాళీ చేయించాలని ఉంటే ముందు నాది చేయించు. నా సామాను తక్కువే, నీకు శ్రమ ఉండదు."

అవతల గొంతు ఆగిపోయింది. కుట్టుకొట్టు ఆవిడ తన కరెంటు మిషను ఎప్పుడో ఆపేసింది. చాలాసేపటికి అవతల నుంచి ఏదో చిన్న మాట వచ్చింది.

"అతనికా? ఇప్పుడివ్వడం కుదరదు. సూదిలో దారం ఎక్కిస్తున్నాడు" అంది అక్కగారు. "కాజాలయ్యాక వస్తాను."

ఆవిడ ఫోను గౌను పక్కన బోర్లించి, వెనక్కి చూడకుండానే సూది కోసం చెయ్యి చాపింది. దారం ఇంకా ఎక్కలేదు. డ్రైవరు దాన్ని మళ్ళీ తడిపి, వేళ్ళ మధ్య నలిపి, గుమ్మంలో కర్టెన్ పక్కకు లాగి వెలుతురులోకి తిరిగాడు. బయట కారు ఆగే ఉంది. ఈసారి దారం బెజ్జంలోంచి అవతలికి వచ్చింది. అతను దాన్ని లాగి, కొసకు ముడి వేసి, ఆవిడ చేతిలో పెట్టాడు.